ఏరియేటర్‌కి ఏ గేర్‌బాక్స్? బేరం ఎక్కడ ఆడాలి, ఎక్కడ ఆడకూడదు

మా బావగారికి ఉండి ఊరి దగ్గర ఆరెకరాల వనామీ రొయ్యల చెరువు, దాని పక్కనే ఓ చిన్న నర్సరీ చెరువు ఉన్నాయి. పాత ఏరియేటర్లు (తెప్ప మీద తేలుతూ, నీళ్ళు చిమ్మి చెరువుకి గాలి పట్టించే యంత్రాలు) మార్చేద్దామనుకున్నప్పుడు నాకు ఫోన్ చేశారు. "గేర్లు కోసేవాడివి నువ్వే కదోయ్, ఏ గేర్‌బాక్స్ కొనమంటావో నువ్వే చెప్పు" అన్నారు. ఏం కావాలండీ అంటే గడగడా చదివారు. రేటు తక్కువుండాలి, కరెంటు తక్కువ తాగాలి, ఉప్పునీటికి తుప్పు పట్టకూడదు, తెప్ప మీద బరువు పడకూడదు, చప్పుడు చెయ్యకూడదు, పాడైతే పొద్దు గుంకేలోగా బాగైపోవాలి.

"అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎలా బావగారూ" అన్నాను. ఆయన నవ్వారు గానీ, గేర్‌బాక్స్ డిజైన్‌లో ఉన్న చిక్కంతా అదే. ఒక గుణాన్ని పెంచుతుంటే ఇంకోటి తగ్గుతుంది. అన్నిట్లోనూ ముందుండే పెట్టె ఎవరూ చెయ్యలేదు, చెయ్యలేరు కూడా. కాబట్టి ఏది మంచిదని కాకుండా, దేన్ని ఎంత వదులుకుంటే ఏది ఎంత దొరుకుతుందో చూసుకోవాలి. భీమవరంలో మా చిన్న వర్క్‌షాపుకి వచ్చిన పాడైన గేర్‌బాక్సులు విప్పి చూసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ పెట్టె చెయ్యాల్సిన పనేంటో చూద్దాం. మామూలు ఏరియేటర్ మోటారు 2 హెచ్‌పీ, అంటే 1.5 కిలోవాట్లు. అది నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. నీళ్ళు చిమ్మే ప్యాడిల్ చక్రం మాత్రం 100 చుట్ల దగ్గర తిరగాలి. అంటే రేషియో 14. వేగం పద్నాలుగో వంతుకి పడితే తిప్పే బలం పద్నాలుగు రెట్లవుతుంది. మోటారు షాఫ్టు దగ్గర 10 న్యూటన్-మీటర్లున్న టార్క్, ప్యాడిల్ షాఫ్టు దగ్గర 140 దాకా వస్తుంది. మీటరు పొడవు కర్ర చివర 14 కిలోల బియ్యం మూట వేలాడదీస్తే ఎంత మెలిపెడుతుందో అంత. రాత్రంతా ఆగకుండా నడిచే యంత్రం కాబట్టి దీనికి ఒకటిన్నర రెట్లు కలుపుకోవాలి. కొనేటప్పుడు 2 హెచ్‌పీ అన్న స్టిక్కర్ చూసి ఊరుకోకండి. అవుట్‌పుట్ టార్క్ ఎంతని అడగండి. 210కి తక్కువ చెబితే రెండోసారి ఆలోచించాల్సిందే. అసలు టార్క్ అంకె చెప్పలేని అమ్మకందారుడి దగ్గర నేనైతే కొనను.

ఇక రకాలు. చెరువుల మీద ఎక్కువగా కనబడేవి రెండే. ఒకటి వార్మ్ గేరు: మర లాంటి స్టీలు పురుగు, దానికి అడ్డంగా కంచు చక్రం. రెండోది క్రౌన్-పినియన్‌తో (కిరీటం లాంటి పెద్ద చక్రం, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్) మొదలై హెలికల్ జతతో (ఏటవాలు పళ్ళ గేర్లు) ముగిసే రెండు దశల పెట్టె. నిలువుగా నిలబడ్డ మోటారు తిప్పుడుని రెండూ అడ్డంగా మళ్ళిస్తాయి. ప్లానెటరీ గేర్లు (నడుమ ఒక గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లు) కూడా పెట్టొచ్చా అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. పెట్టొచ్చు. అంత చిన్న జాగాలో అంత టార్క్ మోసేది ఇంకోటి దొరకడం కష్టం, తెప్పకి తేలిక కూడా. కానీ దానికి తిప్పుడుని మళ్ళించడం రాదు, మళ్ళీ క్రౌన్-పినియన్ కావాల్సిందే. లోపల చిన్న బేరింగులు బోలెడు, ఒకటి పోతే మన దగ్గర బాగుచేసే చోటు దొరకదు. షుగర్ ఫ్యాక్టరీలో చెరకు పిండే రోలర్లు నిమిషానికి నాలుగైదు చుట్లు తిరగాలి, అక్కడ ప్లానెటరీయే రాజు. చెరువు మీద దాని తేలికకి మనం కట్టే వెల ఎక్కువ. బెల్టులు చిమ్మే నీటికి జారిపోతాయి, వాటి మాట వదిలేద్దాం. గేరే లేకుండా మాగ్నెట్ మోటారుతో నేరుగా తిప్పే రకమూ ఉంది. గేర్ల నష్టం ఉండదు. దాని గుట్టంతా కంట్రోలర్ పెట్టెలో ఉంది, ఉప్పుగాలికి ఆ పెట్టెని కాపాడుకోగలిగినవాళ్ళే దాని జోలికి వెళ్ళాలి.

అసలు పోటీ వార్మ్‌కీ, క్రౌన్-హెలికల్‌కీ మధ్యే.

వార్మ్ ఒకే జతతో 14 రేషియో ఇచ్చేస్తుంది. భాగాలు తక్కువ, పెట్టె చిన్నది, రేటు తక్కువ, చప్పుడు దాదాపు ఉండదు. పళ్ళు దొర్లవు, రాసుకుంటూ జారతాయి కాబట్టే ఆ మెత్తదనం. ఆ రాపిడే దాని శాపం కూడా. ఈ సైజులో లోపలికిచ్చిన శక్తిలో 75 నుంచి 85 శాతమే బయటికొస్తుంది. 80 అనుకుందాం. 1.5 కిలోవాట్లలో ఐదో వంతు, అంటే 300 వాట్లు వేడిగా పోతుంది. కొబ్బరికాయంత పెట్టెలో వంద వాట్ల పాత బల్బులు మూడు రాత్రంతా వెలుగుతున్నట్టు ఊహించుకోండి. ఆయిల్ పలచబడుతుంది, ఆయిల్ సీల్ రబ్బరు గట్టిపడి పగులుతుంది, అక్కణ్ణుంచి నీళ్ళు లోపలికి, ఆయిల్ బయటికి. క్రౌన్-హెలికల్‌లో రెండు దశలూ కలిపి పోయేది 5 శాతం, మహా అయితే 75 వాట్లు.

ఇది కరెంటు లెక్కలో ఎంతవుతుందో చూద్దాం. ప్యాడిల్‌కి కావాల్సింది 1.2 కిలోవాట్లు అనుకుంటే వార్మ్‌కి మోటారు 1.5 ఇవ్వాలి, క్రౌన్-హెలికల్‌కి 1.26 చాలు. మోటారు సొంత నష్టం కూడా కలిపితే తేడా గంటకి 0.3 యూనిట్. రోజుకి 12 గంటలు, 100 రోజుల పంట అనుకోండి, ఒక ఏరియేటర్‌కి 360 యూనిట్లు. బావగారికి పది ఏరియేటర్లు, పంటకి 3,600 యూనిట్లు. యూనిట్ రూపాయిన్నర సబ్సిడీలో వస్తుంటే అది 5,400 రూపాయలే. "దీనికోసమా ఇంత రామాయణం" అన్నారాయన. నిజమే, ఆ రేటుకి వార్మే గెలుస్తుందేమో. కానీ సబ్సిడీ లేని చెరువుకి లెక్క ఇంకా చాలా పెరగొచ్చు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద నడిపితే లీటరు డీజిల్‌కి వచ్చేది సుమారు మూడు యూనిట్లు, ఆ గంటల్లో ప్రతి 0.3 యూనిట్‌కీ 100 మిల్లీలీటర్ల డీజిల్ పోసినట్టే. రెండు రకాలకీ కొటేషన్లు తీసుకుని తేడాని పది పెట్టెలకి లెక్కకట్టి, మీ యూనిట్ రేటుతో పోల్చుకోండి. ఎన్ని పంటల్లో తిరిగొస్తుందో తేలిపోతుంది. ఈ లెక్క పక్క చెరువాయన దగ్గర అరువు తెచ్చుకోకూడదు, ఆయన గంటలు వేరు, రేటు వేరు.

బాగుచేత విషయంలో నా అభిప్రాయం కాస్త తిరగబడుతుంది. వార్మ్‌లో ముందు అరిగేది కంచు చక్రం. అరగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. పురుగు బాగుంటే చక్రం ఒక్కటి కోసి వేస్తే సరి, దానికి సరిపోయే హాబ్ (పళ్ళు కోసే పనిముట్టు) ఉంటే మా షాపులో ఒక పూట పని. క్రౌన్-పినియన్ అలా కాదు. ఆ రెండూ తయారీలోనే ఒకదానితో ఒకటి నూరి జతచేసినవి. పినియన్ పోయింది కదా అని పినియన్ ఒక్కటే మారిస్తే, కొత్త కోడలికీ పాత అత్తకీ పడనట్టు, మూడు వారాల్లో రెండూ అరుస్తాయి. మార్చితే జత మార్చాలి. కాబట్టి ఏ జత మీ ఊళ్ళో స్పేర్ దొరుకుతుందో కనుక్కున్నాకే కొనండి.

నా తప్పొకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మొగల్తూరు వైపు నుంచి ఒకాయన వచ్చి "నీళ్ళు ఇంకాస్త ఎత్తుకి చిమ్మాలండి" అన్నారు. హెలికల్ దశలో పినియన్‌కి 15 పళ్ళున్నాయి, 16 పళ్ళది కోసి, రెండు షాఫ్టుల మధ్య దూరం సరిపెట్టి ఇచ్చాను. వేగం 6.7 శాతమే పెరుగుతుంది, అదెంతలే అనుకున్నాను. నీటిని కొట్టే చక్రానికి కావాల్సిన శక్తి వేగంతో కాదు, దాదాపు వేగం ఘనంతో పెరుగుతుందన్నది చదువుకున్న సంగతే, ఆ క్షణాన గుర్తులేదు. 1.067ని మూడుసార్లు హెచ్చవేస్తే 1.21. మోటారు మీద 21 శాతం అదనపు బరువు. రాత్రి వోల్టేజీ పడిపోయేసరికి మూడో రోజు వైండింగ్ కాలిపోయింది. రైతు మంచివాడు కాబట్టి చీవాట్లతో పోయింది. వైండింగ్ డబ్బులు నేనే కట్టాను. అప్పట్నుంచి ఎవరైనా ఒక్క పన్ను ఎక్కువ వెయ్యమంటే క్లాంప్ మీటరు పెట్టి కరెంటు చూశాకే మాట్లాడతాను.

పళ్ళ దగ్గరే ఇంకాస్త ఆగుదాం, ఇక్కడే సరదా ఉంది. 14 రేషియోని రెండు దశలకి ఎలా పంచాలి? సమానంగా పంచితే 3.74 చొప్పున. మొదటి దశకి ఎక్కువిస్తే 7, 2. రెండోదానికి ఎక్కువిస్తే 2, 7. పంటి ముఖం తట్టుకునే ఒత్తిడిని హద్దుగా పెట్టుకుని, గేర్లలో పట్టే మొత్తం లోహం ఎంతో కాగితం మీద వేశాను. అన్నిటికన్నా తక్కువ లోహం మొదటి దశ 4.2 దగ్గర వస్తుంది. దాన్ని 100 అనుకుంటే, 7 తర్వాత 2 వేస్తే 123, 2 తర్వాత 7 వేస్తే 137. రెండు దశలెందుకు, ఒక్క స్పర్ (నేరు పళ్ళ) జతతోనే 14 తీసేద్దామంటే 237. మూడు దశలు చేస్తే తగ్గుతుందా? లేదు, 102. చేతికి వచ్చేది అదనపు షాఫ్టు, రెండు బేరింగులు మాత్రమే.

ఇందులో నాకు నచ్చింది 4.2 అన్న అంకె కాదు. మొదటి దశ 3.5 నుంచి 5 వరకు ఎక్కడ పెట్టినా లోహం రెండు మూడు శాతానికి మించి మారదు. ఆ మేర చేలో సమతలంగా దున్నిన మడిలా ఉంటుంది, ఎక్కడ నిలబడ్డా ఎత్తు ఒకటే. కాబట్టి అక్కడ బరువు కోసం కొట్టుకోనక్కర్లేదు. ఆ స్వేచ్ఛని వేరే అవసరాలకి వాడుకోవచ్చు. నేను 17కి 71, ఆపైన 17కి 57 వేస్తాను. గుణిస్తే 14.003, ప్యాడిల్ వేగం 103 దగ్గర. 20కి 80, 20కి 70 వేసినా 14 సరిగ్గా వస్తుంది, లెక్కకి అందంగా కూడా ఉంటుంది. కానీ 20కి 80లో పినియన్‌లోని ఒక పన్ను ఎప్పుడూ ఆ నాలుగు పళ్ళనే కొడుతుంది. హీట్ ట్రీట్‌మెంట్‌లో కాస్త ఉబ్బిన పన్నుంటే ఆ నాలుగింటికీ మూడినట్టే. 17కీ 71కీ ఉమ్మడి భాజకం లేదు, ప్రతి పన్నూ ప్రతి పన్నునీ కలుసుకునే తిరుగుతుంది, అరుగుదల అందరికీ పంచుతుంది. హెలికల్‌లో 17 ఎందుకంటే, మనవాళ్ళు వాడే 20 డిగ్రీల ప్రెషర్ యాంగిల్‌తో (పన్ను పన్నుని నెట్టే కోణం) నేరు పళ్ళు అంతకంటే తక్కువ కోస్తే పంటి మొదలు తొలిచేసినట్టవుతుంది. పళ్ళు ఏటవాలుగా ఉంటే ఇంకొన్ని తగ్గించొచ్చు గానీ, నాకు అంత అవసరం పడలేదు.

ఈ పళ్ళ లెక్క మీద పరిశోధకులు కూడా తలలు బద్దలుకొట్టుకున్నారు. 1990లో శాండ్‌గ్రెన్ ఇచ్చిన సమస్య ఒకటి ఇప్పటికీ చాలా కొత్త పద్ధతులకి పరీక్షగా వాడతారు. నాలుగు గేర్లు, ఒక్కోదానికి 12 నుంచి 60 పళ్ళు, రేషియో 6.931కి వీలైనంత దగ్గరగా రావాలి. 57 లక్షల పైచిలుకు కలయికలున్నాయి, ఇవాళ్టి లాప్‌టాప్ అన్నీ చూసేస్తుంది. అన్నిటికన్నా దగ్గరగా వచ్చే జవాబు 16, 19 పినియన్లు, 43, 49 చక్రాలు. తేడా లక్షలో ఒక వంతు చిల్లర. ఇప్పుడు రెండో కోరిక చేర్చండి, అన్నిట్లోకీ పెద్ద గేరుకి పళ్ళు తగ్గాలి. 12, 12 పినియన్లతో 27, 37 వేస్తే రేషియో 6.9375, వెయ్యిలో ఒక వంతు తప్పు. పెద్ద గేరు 49 నుంచి 37 పళ్ళకి దిగింది. 31, 32 వేస్తే తప్పు వెయ్యిలో ఆరు వంతులు, పెద్ద గేరు 32 పళ్ళే. మూడూ సరైన జవాబులే. ఒకదానిలో మెరుగు కావాలంటే ఇంకోదానిలో వదులుకోవాల్సిన ఇలాంటి జవాబుల వరసకి ఇటలీ ఆర్థికవేత్త పరేటో పేరు పెట్టారు. అలాంటి వరసని కంప్యూటర్‌తో వెతికించే ఎన్ఎస్‌జీఏ-2 పద్ధతి మన ఐఐటీ కాన్పూర్ నుంచి వచ్చిందే, 2002లో కల్యాణ్‌మోయ్ దేబ్ బృందం ప్రచురించింది. గడియారానికైతే మొదటి జవాబు, ఏరియేటర్‌కి మూడోది చాలు. కాకపోతే 12 పళ్ళ పినియన్‌కి పంటి ప్రొఫైల్ (ఆకారం) కాస్త జరిపి కోయాలి, అది తెలిసినవాడి చేతే కోయించాలి.

మాడ్యూల్ (పంటి సైజు కొలత) గురించి ఒక్క మాట. పళ్ళు విరుగుతున్నాయంటే మాడ్యూల్ పెంచమంటారు, మంచిదే. కానీ చాలాసార్లు విప్పి చూస్తే పళ్ళు విరిగి ఉండవు, ముఖం మీద గుంటలు పడి ఉంటాయి. ఆ జబ్బుకి మాడ్యూల్ మందు కాదు, వ్యాసం పెంచాలి లేదా లోహం గట్టిపడాలి. ఈఎన్8 స్టీలు కన్నా కేస్ హార్డెనింగ్ (పైపొర గట్టిపరచడం) చేసిన ఈఎన్353 స్టీలు ఖరీదెక్కువైనా అందుకే నిలబడుతుంది.

ఇదే వార్మ్ గేరుని వేరే పనిలో చూస్తే మాట మారుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా పాకిన కాలువల మీద, తూముల దగ్గర చేత్తో తిప్పే తలుపులుంటాయి కదా. అక్కడ కరెంటు లెక్క లేదు, చెయ్యి వదిలేస్తే తలుపు పడిపోకూడదు, అంతే. మరలూ, 40, 60 రేషియో వార్మ్‌లూ రాపిడితోనే తలుపుని పట్టుకుంటాయి. అలా తనంతట తాను ఆగే జత సామర్థ్యం సగానికి మించదు, అంటే మనం తిప్పినదాంట్లో సగం పైగా వృథా. అక్కడ ఆ వృథానే మనకి కాపలా. ఏరియేటర్‌లోని 14 రేషియో వార్మ్‌కి ఆ గుణం కూడా ఉండదు, నష్టం మాత్రం ఉంటుంది. తాడేపల్లిగూడెం, మండపేట వైపు రైస్‌మిల్లుల్లో బకెట్ ఎలివేటర్‌ది ఇంకో కథ. ధాన్యంతో నిండిన బకెట్లు పైనుండగా కరెంటు పోతే వెనక్కి తిరిగి అడుగంతా ధాన్యంతో బిగుసుకుపోతుంది. అక్కడ హెలికల్ పెట్టెకి వెనక్కి తిరగనివ్వని బ్యాక్‌స్టాప్ పెట్టించుకోవాలి. వార్మ్ ఉంది కదా, అదే ఆపుతుందిలే అనుకోకూడదు.

మళ్ళీ చెరువు దగ్గరికొద్దాం. 2009లో మన దేశంలో వనామీకి అనుమతి వచ్చాక ఎకరాకి వదిలే పిల్లలు పెరిగాయి, ఏరియేటర్ ఆగితే చెరువు ఆగినట్టే అయింది. తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) అడుగంటుతుంది. ఆ వేళ గేర్‌బాక్స్ ఆగితే కరెంటు బిల్లులో మిగిల్చిన 5,400 ఎవరికి గుర్తుంటాయి? అందుకే ఒక్కో గుణానికి పదికి మార్కులేసి కూడే పద్ధతి నాకు నచ్చదు. సీల్‌కి 2, రేటుకి 10 వేసి కూడితే 12 వస్తుంది, చవకైన పెట్టె పాసైపోతుంది. సీల్ విషయంలో ఫెయిలైన పెట్టెని రేటు కాపాడకూడదు.

ముందు లక్ష్మణ రేఖలు గీసుకోవాలి. నావి ఇవి. అవుట్‌పుట్ షాఫ్టుకి రెండు పెదవుల ఆయిల్ సీల్, దాని బయట నీళ్ళు నేరుగా కొట్టకుండా కవర్. షాఫ్టు స్టెయిన్‌లెస్, ఉప్పునీటి చెరువుకి 304 కాదు, మాలిబ్డినం కలిపిన 316. బాడీ అల్యూమినియం అయితే స్టీలు బోల్టు తగిలే చోట గ్రీజు, వాషర్. లేకపోతే ఉప్పునీటిలో ఆ రెండు లోహాలు బ్యాటరీలా పనిచేసి, ఏడాది తర్వాత విప్పబోతే బోల్టు తల ఊడి చేతికొస్తుంది. ఆయిల్ ప్లగ్ తెప్ప మీద కూర్చుని విప్పగలిగే వైపు ఉండాలి. ఇవి దాటినవాటినే రూపాయల్లో పోల్చాలి, రేటు, యూనిట్లు, స్పేర్ల ఖర్చు. బరువూ చప్పుడూ ఆ తర్వాత.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్ళు డ్రైన్ ప్లగ్ విప్పించి ఒక చుక్క వేలి మీద వేసుకోండి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా వస్తే నీళ్ళు కలిశాయి, సీల్ పోయింది, బేరింగు కూడా పోతోంది. బంగారు రంగు పొడి మెరిస్తే వార్మ్ కంచు చక్రం అరుగుతోంది, కొత్తలో కొద్దిగా మామూలే. బూడిదరంగు రేకులు కనబడితే పళ్ళ ముఖం ఊడుతున్నట్టు, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

బావగారి దగ్గర రెండు రకాలూ ఈ రేఖల దాకా వచ్చాయి. వార్మ్‌లు తెచ్చి చూపించిన షాపతను టార్క్ 190 అన్నాడు, మనకి కావాల్సిన 210 లేదు కాబట్టి అక్కడే ఆగిపోయింది. పెద్ద చెరువుకి క్రౌన్-హెలికల్ పది తీసుకున్నాం, ఇంకో క్రౌన్-పినియన్ జత కొని షెడ్డులో గ్రీజు పూసి పెట్టాం. నర్సరీ చెరువులో పంటకి మూడు వారాలు, అదీ రాత్రి కొన్ని గంటలే, పిల్లలు చిన్నవి కాబట్టి పెద్ద చిమ్ముడు కూడా వద్దు. అక్కడ 1 హెచ్‌పీ మోటారుకి ఆ 190 టార్క్ వార్మ్‌లే రెండు బిగించాం. ఆ బరువుకి అవి హాయిగా సరిపోతాయి, వృథా అయ్యే యూనిట్లు లెక్కలోకి రావు. "ఒక్క చెరువుకి ఒకటి మంచిదైతే రెండోదానికి ఎందుకు కాదోయ్" అని బావగారు ఇప్పటికీ అడుగుతుంటారు.